చెల్లె తొడ నుంచి చర్మం తీయించాలా, జెల్ కోసం ఆగాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా చెల్లెకు 22 ఏళ్లు. 19 రోజుల కింద పొద్దున్నే స్నానాలకు కట్టెల పొయ్యి మీద కాగు పెడుతుంటే నైటీకి మంట అంటుకుంది. మా అమ్మ ఉరికొచ్చి గొంగడి కప్పి ఆర్పింది. మెడ ముందు భాగం, కుడి చెయ్యి, కుడి పక్క ఛాతీ కాలాయి. ఆ కంగారులో ఒకరు టూత్‌పేస్ట్ పూశారు, ఇంకొకరు పసుపు పూశారు. జిల్లా కేంద్రంలో ఆసుపత్రిలో చేర్చాం. మొత్తం 14 శాతం కాలిందన్నారు. ఛాతీ మీద, ముంజేతి మీద చాలావరకు మానింది. మెడ దగ్గర, మోచేతి మడతలో మాత్రం పచ్చిగానే ఉంది. అక్కడ గ్రాఫ్టింగ్ చేయాలి, తొడ నుంచి చర్మం తీయాలి అంటున్నారు. మా నాయిన ఒప్పుకోవడం లేదు. ఉన్న గాయం చాలదా, ఇంకో గాయం ఎందుకు చేయించాలి అంటున్నాడు. మా బావ ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. అమెరికాలో ఏదో పాలిమర్ జెల్ పూస్తే 21 రోజుల్లో మచ్చ లేకుండా, వెంట్రుకలతో సహా కొత్త చర్మం వస్తుందట. తెలిసినాయన ఒకరు ఆ జెల్ తెప్పిస్తానంటున్నాడు. డబ్బా 45 వేలు, నాలుగు డబ్బాలు కావాలట. అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి, మిగతాది మిత్తికి తెద్దామని అనుకుంటున్నాం. మాఘమాసంలో చెల్లె పెళ్లి పెట్టుకున్నాం. గుడ్డు, పప్పు పెడితే చీము పడుతుందని మా మేనత్త పెట్టనివ్వడం లేదు. ఆ జెల్ నిజమేనా? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆపరేషన్ ఆపకండి. ఆ డబ్బాల కోసం మీ అమ్మ మెడలోంచి పుస్తెలతాడు తీయించకండి. మీ చెల్లెకు కావాల్సిన చర్మం ఆమె తొడ మీదే ఉంది.

ఇంత తొందర ఎందుకంటే, 19 రోజులైందని మీరే రాశారు. ఈ జవాబు మీరు చదివేసరికి ఇంకో రెండు మూడు రోజులు గడుస్తాయి. కాలిన గాయాలు చూసే డాక్టర్లందరం మూడు వారాల గడువును వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాం. ఆ లోపు మానే గాయం సాధారణంగా పెద్ద మచ్చ లేకుండానే మానుతుంది. మూడు వారాలైనా పచ్చిగానే ఉంటే లోతుగా కాలిందని లెక్క. దాన్ని అట్లాగే వదిలేస్తే శరీరం ఊరుకోదు. కొత్త చర్మం పుట్టించలేక, చుట్టూ ఉన్న అంచులను దగ్గరికి గుంజుకుంటుంది. ఛాతీ మీద అయితే గట్టి మచ్చతో పోతుంది. మెడ మీద అయితే గడ్డం కిందికి దిగుతుంది, మోచేతి మడతలో అయితే చెయ్యి చాపరాకుండా అవుతుంది. మీ చెల్లెకు మానకుండా మిగిలినవి సరిగ్గా ఆ రెండు చోట్లే.

చర్మం ఎట్లా మానుతుందో తెలిస్తే మీ నాయినకు చెప్పడం సులువవుతుంది. చర్మానికి రెండు పొరలు. పైది చాలా పలుచన, కిందిది మందం. పైపొరను మళ్లీ పుట్టించే కణాలు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ, చెమట గ్రంథుల్లో ఉంటాయి. ఆ కుదుళ్లు కింది పొరలోకి దిగి ఉంటాయి. గడ్డి పైన కాలిపోయినా వేరు బతికుంటే మొదటి వానకే పచ్చబడుతుంది కదా, అట్లాగే కుదుళ్లు బతికున్న చోట చర్మం దానంతట అదే వస్తుంది. మీ చెల్లెకు ఛాతీ మీద జరిగింది అదే. కానీ నైలాన్, పాలిస్టర్ కలిసిన నైటీ మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అతుక్కుని ఇంకా లోపలికి కాలుస్తుంది. కుదుళ్లతో సహా మాడిపోయిన చోట మొలవడానికి ఏమీ మిగలదు. గాయం అంచుల నుంచి మాత్రమే చర్మం పాకి రావాలి. అది చాలా నెమ్మది. ఈ లోపల గుంజుకుపోవడం మొదలవుతుంది.

మీ అమ్మ గొంగడి కప్పి ఆర్పిందని చదివినప్పుడు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఉన్ని గొంగడి మంటను అంత సులువుగా పట్టుకోదు, గాలి అందకుండా ఆర్పుతుంది. ఆమె ఆ క్షణంలో చేసిన పని వల్లే 14 శాతంతో ఆగింది. పేస్టు, పసుపు సంగతి ఇప్పుడు తవ్వుకుని ఎవరినీ అనకండి. మళ్లీ ఎవరికైనా జరిగితే మాత్రం కాలిన చోట 20 నిమిషాల పాటు మామూలు చల్లని నల్లా నీళ్లు పారించాలి. ఐసు వద్దు, ఇంకు వద్దు, ఏ పూతా వద్దు. శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోన్ చేయాలి.

ఇక జెల్ విషయానికి వస్తాను. మీ బావ చూసింది అబద్ధం కాదు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను. సగం నిజం తెలిసినప్పుడే మనిషి ఎక్కువ మోసపోతాడు.

పాలిమర్ అంటే ఒకే రకం అణువులు పూసల్లా గుచ్చుకుని ఏర్పడే పొడవైన దారం. ఇలాంటి దారాలను అక్కడక్కడ ముడులు వేసి వలలా చేస్తే, నీళ్లంటే ఇష్టపడే ఆ వల తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టుకుంటుంది. నీళ్లు కారిపోవు, వల కరగదు. పిల్లల డైపర్ చింపి చూస్తే తడిసి ఉబ్బిన గింజలు కనిపిస్తాయి చూడండి, అదీ ఇదే జాతి. గాయానికి వాడే జెల్ షీట్ మీ చేతిలో పెడితే మీకు వెంటనే తాటి ముంజ గుర్తుకొస్తుంది. ముంజ లాగే తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది, వేలితో నొక్కితే వణుకుతుంది, చర్మానికి చల్లగా తగులుతుంది. ఆ షీటులో చాలా భాగం నీళ్లే.

ఇలాంటి జెల్ మనిషి శరీరానికి పనికొస్తుందని 1960లో చెక్ శాస్త్రవేత్తలు ఒట్టో విక్టెర్లె, ద్రాహోస్లావ్ లీమ్ ప్రకటించారు. అందులోంచే కళ్లల్లో పెట్టుకునే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1962లో, ఇంగ్లండులో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేసి, కొన్నింటిని పలుచని పాలిథీన్ కాగితంతో కప్పాడు. కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పాకింది. గాయం ఎండితేనే మానుతుందని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. అది తప్పని తేలి అరవై ఏళ్లు దాటింది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కాలిన గాయాల వార్డులో పొద్దున డ్రెస్సింగ్ ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే పిల్లలు దుప్పటి మొహం మీదికి లాక్కునేవాళ్లు. గాజుగుడ్డ గాయానికి ఎండి అతుక్కుపోయి ఉండేది. సెలైన్ పోసి ఎంత నానబెట్టినా, లాగేటప్పుడు అడుగున అప్పుడే పుట్టిన పలుచని చర్మం కూడా దాంతో ఊడి వచ్చేది. తీసిన గుడ్డ వెనక్కి తిప్పితే నువ్వు గింజలంత రక్తపు చుక్కలు కనిపించేవి. ఆ చుక్కల దగ్గరే చర్మం మొలవడం మొదలైంది, మేమే దాన్ని పీకేశాం. కొన్నాళ్లకు జెల్ షీట్లు వచ్చాయి. మొదటిసారి ఒక ఆరేళ్ల పాప కాలు మీద వాడాను. మర్నాడు అంచు పట్టుకుని ఎత్తితే, అరటి ఆకు మీంచి పెరుగు జారినట్టు జారి వచ్చింది. ఆ పాప కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. అయిపోయిందమ్మా అంటే నమ్మలేదు. అందుకే జెల్ అంటే నాకు చాలా గౌరవం.

ఇది అమెరికా నుంచే రావాలని కూడా లేదు. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం కాలిన గాయాల కోసం ఇలాంటి జెల్ తయారుచేసింది. అందులో ముఖ్యమైన పదార్థం పాలీవినైల్ ఆల్కహాల్. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి వాడేది అదే, మన పోచంపల్లి దిక్కు మగ్గం పని తెలిసినవాళ్లకు ఆ గంజి సంగతి చెప్పక్కర్లేదు. దాని మీద రేడియేషన్ ప్రసరింపజేస్తే దారాల మధ్య ముడులు పడతాయి, సూక్ష్మక్రిములు కూడా చస్తాయి. ఒకే దెబ్బకు రెండు పనులు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ కొల్లాజెన్‌తో గాయాల మీద కప్పే పొరలు తయారుచేసింది. కొల్లాజెన్ షీట్లు మన ఆసుపత్రుల్లో చాలాకాలంగా వాడుతున్నాం. అంతెందుకు, 1980ల్లో ముంబైలో డాక్టర్ కేస్వానీ ఉడికించి శుభ్రం చేసిన ఆలుగడ్డ తొక్కలను గాజుగుడ్డకు అంటించి కాలిన గాయాల మీద కప్పి, డబ్బుల్లేని రోగుల నొప్పి తగ్గించాడు. ఆ తొక్క చేసేదీ గాయాన్ని తడిగా కప్పి ఉంచడమే. (ఇంట్లో మీరు ప్రయత్నించకండి. ఆసుపత్రిలో శుభ్రం చేసే పద్ధతి వేరు.)

అయితే ఈ జెల్‌లన్నీ చేసే పని ఏమిటో గమనించండి. గాయాన్ని కప్పుతాయి, తడి ఆరనివ్వవు, నొప్పి తగ్గిస్తాయి, బయటి క్రిములను అడ్డుకుంటాయి. కుదుళ్లు బతికున్న గాయానికి ఇంతకంటే మంచి సాయం లేదు. కుదుళ్లు చచ్చిన చోట మాత్రం అవి కప్పుకునే దుప్పటి మాత్రమే. కింద మొలిచేది ఏమీ లేదు.

మీ బావ చూసిన వీడియో, మీరు రాసిన 21 రోజులు, వెంట్రుకలు అన్న మాటలను బట్టి, 2011లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ప్రయోగం గురించే అనుకుంటున్నాను. షారన్ గెరెక్ట్ అనే శాస్త్రవేత్త బృందం డెక్స్‌ట్రాన్ అనే పదార్థంతో జెల్ చేసింది. డెక్స్‌ట్రాన్ అంటే చక్కెర మీద కొన్ని బ్యాక్టీరియాలు పెరిగి తయారుచేసే జిగురు లాంటిది. లోతుగా కాలిన గాయం మీద దాన్ని పెడితే, శరీరం ఆ జెల్‌ను కొద్దికొద్దిగా కరిగించుకుంటూ లోపలికి కొత్త రక్తనాళాలను పంపింది. 21 రోజులకు కుదుళ్లు, నూనె గ్రంథులతో సహా చర్మం వచ్చింది. నిజంగా గొప్ప ఫలితం. జెల్‌లో ఏ మందూ, ఏ కణాలూ కలపకుండానే రావడం ఇంకా గొప్ప.

కానీ ఆ చర్మం వచ్చింది ఎలుకకు. ఆ మాట మీ బావకు వీడియోలో వినిపించిందో లేదో. ఎలుక చర్మం పలుచన, వదులు. వేళ్లతో పట్టుకుంటే సంచిలా లేస్తుంది. దాని గాయం చాలావరకు చుట్టుపక్కల వదులు చర్మం జరిగొచ్చి మూసుకుంటుంది. మన చర్మం కింది కండకు గట్టిగా పట్టి ఉంటుంది. ఎలుకలో పనిచేసింది మనిషిలో కూడా అంతే పనిచేయాలని ఏమీ లేదు. అట్లాగే 2016లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ద్రవం తగలగానే కరిగిపోయే జెల్ చేశారు, కట్టు మార్చేటప్పుడు లాగే పనే ఉండదు. అదీ ఎలుకల మీద చేసిన ప్రయోగమే. ఈ పనులు చేస్తున్నవాళ్ల మీద నాకు నమ్మకం ఉంది. అయినా మీ చెల్లె మెడ వాళ్ల పని పూర్తయ్యేదాకా ఆగదు.

మరి కృత్రిమ చర్మం అంటూ మనుషులకు వాడేది అసలు లేదా అంటే, ఉంది. అమెరికాలో జాన్ బర్క్ అనే సర్జన్, యానిస్ యానాస్ అనే ఇంజనీరు కలిసి 1970ల నుంచి దాని మీద పనిచేశారు. ఆవు కొల్లాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన ఒక చక్కెర లాంటి పదార్థం కలిపి స్పాంజి లాంటి పొర చేసి, పైన సిలికాన్ పొర అంటించారు. 1981లో రోగుల మీద ఫలితాలు ప్రకటించారు, 1996లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. కాలి చచ్చిన చర్మం తీసేసి దీన్ని పరిస్తే, రెండు మూడు వారాల్లో రోగి రక్తనాళాలు, కణాలు ఆ స్పాంజిలోకి ఎక్కి కింది పొర లాంటిది తయారవుతుంది. అప్పుడు పైన సిలికాన్ తీసేస్తారు. తీసేసి ఏం చేస్తారో తెలుసా? రోగి తొడ నుంచే పలుచగా చర్మం తీసి దాని మీద కప్పుతారు. ప్రపంచంలో అంత పేరు పొందిన కృత్రిమ చర్మం కూడా చివరికి మనిషి సొంత చర్మం దగ్గరికే వచ్చి ఆగుతుంది. ప్రయోగశాలలో పెంచే చర్మం కూడా అంతే. హోవర్డ్ గ్రీన్ అనే శాస్త్రవేత్త 1975లో చర్మ కణాలను పెంచే పద్ధతి కనిపెట్టాడు. 1983లో ఒళ్లు 95 శాతం పైగా కాలిన ఇద్దరు అన్నదమ్ములను, చిన్నపిల్లలను, ఆ పద్ధతితో బతికించారు. ఆ పెంచిన చర్మానికి విత్తనం కూడా ఆ పిల్లల ఒంటి మీద మిగిలిన కొద్దిపాటి చర్మమే.

ఒళ్లంతా కాలి, తీయడానికి చర్మమే మిగలనివాళ్లకు ఇవన్నీ కావాలి. వాళ్ల కోసమే చనిపోయినవారి నుంచి చర్మం సేకరించి దాచే స్కిన్ బ్యాంకులున్నాయి, హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో ఒకటి మొదలైంది. మీ చెల్లె పరిస్థితి అంత దూరం లేదు. ఆమె అరచెయ్యి వేళ్లతో సహా ఆమె ఒంటిలో సుమారు 1 శాతం. మెడ మీద, మోచేతి దగ్గర మానకుండా మిగిలింది ఎన్ని అరచేతులంత ఉందో, ఆమె చెయ్యిని గాయం పైన, తాకకుండా, పట్టి చూసి అంచనా వేయండి. మీరు రాసిన దాన్ని బట్టి మూడు నాలుగు ఉంటుంది. దానికి ఆమె తొడలు బాగా సరిపోతాయి.

మీ నాయిన మాటకు వద్దాం. ఇంకో గాయం ఎందుకు అని అడగడం బిడ్డ మీద ప్రేమ. ఆయన్ను తప్పుపట్టకండి. ఆయన వరి వేసే మనిషి అయితే ఇట్లా చెప్పండి. పొలం అంతా కరిగెట చేసి, నీళ్లు నిలబెట్టి, ఎంత మెత్తగా ఉంచినా నాటు వేయకుండా పైరు రాదు. నారు నారుమడి నుంచే తేవాలి. జెల్ చేసేది మడిలో తడి ఆరకుండా చూడటం. తొడ మనకు నారుమడి. ఇక్కడ తేడా ఏమిటంటే, నారు పీకితే మడి ఖాళీ అవుతుంది, తొడ కాదు. వడ్రంగి రందా పట్టినట్టు, చర్మం పై నుంచి మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని పొర మాత్రమే తీస్తారు. కుదుళ్లు కిందే ఉంటాయి. అందుకే రెండు వారాల్లో అక్కడ దానంతట అదే చర్మం వచ్చేస్తుంది.

నొప్పి ఉండదని మాత్రం చెప్పకండి, ఉంటుంది. మొదటి నాలుగైదు రోజులు కాలిన చోటు కంటే తొడే ఎక్కువ మండుతుందని రోగులు చెబుతారు. ముందే చెబితే ఆమె తట్టుకుంటుంది. తొడ మీద రంగు తేడా నెలల తరబడి ఉంటుంది, కొందరికి కొద్దిగా ఎప్పటికీ ఉండిపోతుంది. జెల్ మీద మీ బావకు అంత నమ్మకం ఉంటే దానికి సరైన చోటు ఇదే. తొడ మీది గాయం పైపైది, కుదుళ్లు బతికున్నది. అక్కడ జెల్ షీట్ కానీ, కొల్లాజెన్ షీట్ కానీ వేయొచ్చా అని మీ డాక్టరును అడగండి. నొప్పి తగ్గుతుంది.

మెడ మీద వేసే చర్మానికి రంధ్రాలు పెట్టి సాగదీయకుండా, నిండు పొరగా వేయగలరా అని కూడా అడగండి. సాగదీసి వలలా వేస్తే తక్కువ చర్మంతో ఎక్కువ చోటు కప్పొచ్చు, వరి పిలకలు వేసినట్టు సందులు నిండుతాయి. కానీ మచ్చ మీద ఆ వల గుర్తు మిగులుతుంది, గుంజుకోవడం కూడా ఎక్కువ. మెడకు నిండు పొర మంచిది. వేసిన చర్మం మొదటి రెండు రోజులు కింది తడిని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కింది నుంచి రక్తనాళాలు వచ్చి అందుకుంటాయి. సాధారణంగా ఐదో రోజు ప్రాంతంలో కట్టు విప్పుతారు. అప్పటిదాకా మెడ, చెయ్యి కదలకూడదు. చుట్టాలు వచ్చి లేపి కూర్చోబెట్టి మాట్లాడించకుండా చూసే బాధ్యత మీదే. విప్పినప్పుడు చర్మం లేత గులాబీ రంగులో ఉండి, వేలితో మెల్లగా నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు తిరిగితే, పట్టుకుందని అర్థం.

ఆగితే ఏమవుతుందో ఒకటి చెప్పి ఆపుతాను, భయపెట్టాలని కాదు. అచ్చంపేట దిక్కు నుంచి ఒక పిల్లవాడు, 20 ఏళ్లుంటాయి, మెడ కాలిన నాలుగు నెలలకు నా దగ్గరికి వచ్చాడు. ఇంట్లోవాళ్లు గ్రాఫ్టింగ్ వద్దని తీసుకుపోయి, ఎవరో ఇచ్చిన పూత మందు రాశారు. గాయం మూసుకుంది. కానీ గడ్డం ఛాతీకి అతుక్కుని, కింది పెదవి బయటికి తిరిగిపోయింది. నోరు మూతపడక చొంగ కారుతుంటే తువ్వాల అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పైకి చూడలేడు. మూడు ఆపరేషన్లు పట్టాయి. మొదట్లో ఒక ఆపరేషన్‌తో పోయేది. వాళ్ల నాయిన కూడా బిడ్డకు ఇంకో గాయం వద్దనే ఆపాడు.

45 వేల డబ్బా గురించి. అమెరికా ప్రయోగశాలలో ఎలుకల మీద వాడిన జెల్ మీ తెలిసినాయన చేతికి ఎట్లా వచ్చిందని అడగండి. మన దేశంలో గాయాల మీద వాడే ఇలాంటి వస్తువులు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ధర అచ్చేసి ఉండాలి. బిల్లు ఇవ్వాలి. అన్నీ ఉంటే కూడా కొనకండి. దాన్ని మీ చెల్లె గాయం రోజూ చూస్తున్న డాక్టరుకు చూపించండి. పసుపుపచ్చగా చచ్చిన పొర ఉన్న గాయం మీద ఏ జెల్ అయినా కప్పి ఉంచితే, కింద వెచ్చగా తడిగా క్రిములకు ఇల్లు కట్టిచ్చినట్టే. ఆకుపచ్చ చీము, దుర్వాసన, చలిజ్వరం కనిపిస్తే ఆ రోజే చెప్పండి.

డబ్బు టెన్షన్ మీ ఉత్తరం నిండా ఉంది. కాలిన గాయాల చికిత్స ఆరోగ్యశ్రీలో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పథకం కింద చికిత్స ఖర్చు పరిమితి 10 లక్షల రూపాయలు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి మీ కార్డు తీసుకుని పోయి గ్రాఫ్టింగ్‌కు అనుమతి పెట్టించమని అడగండి. అక్కడ ప్లాస్టిక్ సర్జన్ లేకపోతే హైదరాబాద్ ఉస్మానియాకు రాసివ్వమని అడగండి, నొచ్చుకోరు.

మీ మేనత్తకు నా మాటగా చెప్పండి. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. కాలిన ఒళ్లు మామూలు రోజుల కంటే చాలా ఎక్కువ మాంసకృత్తులు అడుగుతుంది. అవి దొరక్కపోతే తన కండనే కరిగించుకుంటుంది. వేసిన చర్మం కూడా పట్టుకోదు. రోజుకు మూడు గుడ్లు, రెండు పూటలా ముద్దపప్పు, పెరుగు, పల్లీలు, దొరికినప్పుడు మాంసం పెట్టండి. 19 రోజులుగా చారు అన్నంతో ఉంటే వెంటనే మార్చండి. ఉత్తరంలో ఇది చదివినప్పుడే నాకు ఎక్కువ దిగులేసింది.

పెళ్లి మాఘమాసంలో వద్దు. గ్రాఫ్ట్ పట్టుకున్నాక కనీసం ఆరు నెలలు, చాలావరకు ఏడాది, మెడకు బిగుతు పట్టీ, మెడ వంగకుండా ఆపే పట్టా (కాలర్) రోజంతా ఉంచాలి, స్నానానికి మాత్రమే తీయాలి. కొబ్బరినూనెతో రోజూ మర్దన చేయాలి, ఫిజియోథెరపీ తప్పకూడదు. మచ్చ మెత్తబడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. పిల్లవాడి ఇంటివాళ్లకు జరిగింది జరిగినట్టు మీరే పోయి చెప్పండి, ఆసుపత్రికి వచ్చి చూడమనండి. దాచిపెట్టి చున్నీ కప్పి పీటల మీద కూర్చోబెట్టడం మీ చెల్లెకు అన్యాయం. ఏం చేయాలో ఆమెను కూడా అడగండి. మీ ఉత్తరంలో నాయిన మాట ఉంది, బావ మాట ఉంది, మేనత్త మాట ఉంది, ఆమె మాట ఒక్కటి కూడా లేదు.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు ఈ రాత్రి నుంచే ఒక పని మొదలుపెట్టండి. పడుకున్నప్పుడు హాయిగా ఉంటుందని ఆమె తల కింద దిండు పెట్టి ఉంటారు. అది తీసేయండి. దిండు మీద మెడ ముందుకు వంగి, ఆ వంపులోనే గట్టిపడుతుంది. రెండు పాత నూలు చీరలు చుట్టగా చుట్టి భుజాల కింద పెట్టండి, తల కొద్దిగా వెనక్కి వాలి గడ్డం పైకి ఉండాలి. చెయ్యి మడవకుండా చాపి, పక్కన దిండు మీద పెట్టండి. ఇబ్బందిగా ఉందని అడుగుతుంది, ఏడుస్తుంది కూడా. పక్కన కూర్చుని మాట్లాడండి కానీ దిండు మాత్రం ఇవ్వకండి. కట్టు విప్పిన రోజు నాకు మళ్లీ రాయండి.